వంటింటి గోడ మీది చట్టం

రూలంటే ఏమిటో తెలుసుకోవాలంటే మహేంద్ర నోట్లోకి తొంగిచూడాలి. అది అక్కడే పుట్టేది, అక్కడే పెరిగేది, అతనికి గిట్టని రోజున అక్కడే చచ్చేది. టౌరంగా అనే పరాయి దేశపు ఓడరేవు ఊళ్ళో, ఆ ఇంట్లో ఉండే పద్నాలుగు మందికీ ఈ సంగతి తెలుసు. కివీపండ్ల ప్యాక్‌హౌస్‌కి మనుషుల్ని పంపే కాంట్రాక్టరు అతను. ఇల్లు అతనిది, వ్యాను అతనిది, వీళ్ళ వీసా కాగితాల మీద యజమాని పేరూ అతనిదే. ఇంకేం కావాలి? ఆడిందే ఆట, పాడిందే పాట.

ఆ గురువారం ఉదయం ఆరు కాకముందే వ్యాను గేటు ముందు నిలబడింది. మే నెల చలి, నోరు తెరిస్తే పొగ. డ్రైవరు సీట్లో లింగయ్య అద్దం తుడుస్తున్నాడు. శరణ్య వ్యాను మెట్టు మీద కాలు పెట్టబోయింది.

“నువ్వు కాదమ్మా,” అన్నాడు మహేంద్ర. కాఫీ కప్పు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. “హీటరు మీద సాక్సులు ఆరేశావంట. హీటరు మీద బట్టలేస్తే రెండు రోజులు షిఫ్ట్ ఉండదు. రూలు.”

“ఆ రూలు నాకు తెలీదన్నయ్యా.”

“ఇప్పుడు తెలిసిందిగా.”

శరణ్యకి ఇరవైమూడేళ్ళు. తణుకు నుంచి వచ్చి నాలుగు నెలలైంది. పెట్టిన కాలు తీసి కింద నిలబడింది. లింగయ్య అద్దం తుడుస్తూనే ఉన్నాడు, ఇంకా తుడవడానికి అక్కడ ఏమీ లేకపోయినా. పోయిన వారం అదే హీటరు మీద అతని జీన్సు ప్యాంటు ఆరింది. అప్పుడు మహేంద్ర చూసి, “లింగయ్యా, నా కొంప కాల్చేట్టున్నావే,” అని నవ్వి వెళ్ళిపోయాడు.

పార్వతి వ్యానులోంచి తల బయటపెట్టింది. ఆర్మూరు మనిషి, నలభై దాటినావిడ. ఇంట్లో ఆడవాళ్ళందరి తరపునా బతిమాలే పని ఆమెదే. “పోనియ్ సార్, చిన్న పోరి. తెల్వక ఏసింది. నీ కాళ్ళు మొక్కుతా, ఈ ఒక్కపారి ఇడిసిపెట్టు.”

“అన్నయ్యా, ప్లీజ్ అన్నయ్యా,” అంది శరణ్య. రెండు చేతులూ జోడించింది కూడా.

మహేంద్ర కాఫీ తాగాడు. ఆకాశం కేసి చూశాడు. ఇదంతా అతనికి బాగుంటుంది. ఎంత బాగుంటుందో ముఖంలోనే కనబడుతోంది. “సరే పో, మీ పార్వతక్క మొహం చూసి ఒక్కరోజు చేస్తున్నా. రేపు రా.”

రెండు కాస్తా ఒకటైంది. శరణ్య థాంక్స్ కూడా చెప్పింది. వ్యానులో కూర్చుని ఇదంతా చూస్తున్న నిరుపమకి ఒళ్ళు మండింది. శిక్షకి కాదు, ఆ థాంక్స్‌కి.

“ఆ రూలు ఎక్కడుంది మహేంద్రగారూ?” అని అడిగింది వెనక సీట్లోంచి.

“ఎక్కడుండడమేంటి నిరుపమగారూ, ఇక్కడ,” అని మహేంద్ర నోరు తెరిచి వేలితో చూపించాడు. వ్యానంతా నవ్వింది. కింద నిలబడ్డ శరణ్య కూడా నవ్వింది.

ప్యాక్‌హౌస్‌లో పండ్లు రోలర్ల మీద దొర్లుకుంటూ వస్తాయి. పైన తెల్లటి లైట్లు, రెండు వైపులా జుట్టుకి వలటోపీలు పెట్టుకుని పండ్లు ఏరే గ్రేడర్లు. మచ్చ ఉన్నది ఎడమ గొట్టంలోకి, నొక్కుపడ్డదీ వంకరదీ కుడి గొట్టంలోకి, బాగున్నది ముందుకి. ఆలోచించడానికి వీల్లేదు. పండు తిరిగినంతసేపే దాన్ని చూడాలి. మొదటి వారం నిరుపమకి కళ్ళు తిరిగి వాంతి అయింది. ఇప్పుడు చేతులే చూసుకుంటున్నాయి, బుర్ర ఖాళీగా ఉంటోంది. నంద్యాల డిగ్రీ కాలేజీలో ఏడేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పిన బుర్ర అది, ఖాళీగా ఉండమంటే ఊరుకుంటుందా!

పది గంటల టీ బ్రేకుని ఇక్కడ స్మోకో అంటారు. షెడ్డు బయట బల్ల మీద పార్వతి ఫ్లాస్కు విప్పి అందరికీ టీ పోసింది. నిరుపమ మొదలుపెట్టింది.

“పార్వతక్కా, రోము అని ఒక పట్నం. రెండున్నర వేల ఏళ్ళ కిందటి మాట. అక్కడ పెద్దింటోళ్ళు కొందరు, కష్టం చేసుకునేవాళ్ళు ఎందరో. చట్టాలు ఉండేవి గానీ కాగితం మీద ఉండేవి కావు. పెద్దింటోళ్ళ నోట్లో ఉండేవి. తగువు వచ్చిందనుకో, వాళ్ళు ఏమంటే అదే చట్టం. నిన్న ఒకటి, ఈరోజు ఒకటి.”

“అచ్చం మన సార్ లెక్క,” అన్నాడు లింగయ్య.

“అంతే. మరి వీళ్ళేం చేశారంటే, ఒకసారి పనులన్నీ మానేసి మూకుమ్మడిగా ఊరి బయట కొండెక్కి కూర్చున్నారు. ఊళ్ళో రొట్టె చేసేవాడు లేడు, కత్తి పట్టేవాడు లేడు. పెద్దింటోళ్ళకి దడ పుట్టింది. అప్పట్నుంచి అడగడం నేర్చుకున్నారు. అడిగీ అడిగీ చివరికి చట్టాలు రాయించుకున్నారు. పన్నెండు పలకలు. కంచు పలకల మీద చెక్కి నడిబజార్లో నిలబెట్టారంటారు, అందరూ చదువుకునేటట్టు. ఇక ఎవడూ నా నోట్లో ఉందని అనడానికి లేదు.”

పార్వతి బిస్కెట్ టీలో ముంచి తీసింది. “రాసినంక మంచిగైందా మరి?”

ఆ పన్నెండు పలకలు రాసిన పదిమంది పెద్దమనుషులు గద్దె దిగకుండా ఊరిని ఎలా పీడించారో నిరుపమ ప్రతి ఏడాదీ పిల్లలకి చెప్పేది. పది మార్కుల ప్రశ్న అది. పెద్దింటి పిల్లని కష్టజీవి పెళ్ళాడకూడదని ఆ పలకల మీదే చెక్కారని కూడా చెప్పేది. కానీ ఇప్పుడు బ్రేకు మూడు నిమిషాలే మిగిలి ఉంది, ఎదురుగా నాలుగు ముఖాలు ఆశగా చూస్తున్నాయి.

“అయింది,” అంది.

శనివారం ఉదయం వ్యాను వచ్చేసరికి లింగయ్య కాక మిగతా పదమూడు మందీ గేటు పక్క గడ్డి మీద కూర్చుని ఉన్నారు. గడ్డి తడిసి ఉంది, కింద ప్లాస్టిక్ సంచులు పరుచుకున్నారు. కొండెక్కి కూర్చున్నవాళ్ళ కథ చెప్పి అందరినీ ఒప్పించింది నిరుపమే. లింగయ్య తాళంచెవి మహేంద్ర చేతికిచ్చి తానూ వచ్చి కూర్చున్నాడు. సీజను నడుమ, ఆరున్నరకి లైను మొదలవ్వాలి. పద్నాలుగు మంది రాకపోతే ప్యాక్‌హౌస్ వాళ్ళు ఎవరిని అడుగుతారో అందరికీ తెలుసు.

“ఏంటమ్మా ఇది, ధర్నానా?” అన్నాడు మహేంద్ర.

“రూళ్ళు రాసి గోడకి పెట్టండి. వాటి ప్రకారం ఏం చేసినా ఒప్పుకుంటాం,” అంది నిరుపమ. క్లాసులో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

మహేంద్ర ఆమెని చూశాడు, వాచీ చూసుకున్నాడు. కేకలేస్తాడనుకున్నారు అందరూ. అతను నవ్వాడు. “దీనికి తడిలో కూర్చోవాలా? రాసుకుందాం. మంచి మాటే చెప్పారు. రేపు మధ్యాహ్నం వస్తా. ఎక్కండి, టైమైంది.”

ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. వ్యానులో శరణ్య నిరుపమ చెయ్యి పట్టుకుని వదల్లేదు. “మేడం, మీరు లేకపోతే మా బతుకు ఇంతేనండి,” అంది. నిరుపమకి ఎంత సంతోషమేసిందంటే, వచ్చే కన్నీళ్ళు దాచుకోవడానికి కిటికీలోంచి ఓడరేవు క్రేన్ల వైపు చూస్తూ కూర్చుంది.

ఆదివారం మహేంద్ర చెప్పినట్టే వచ్చాడు, డబ్బా నిండా జిలేబీ పట్టుకుని. ఆ వేళకి సగం మంది షిఫ్టులో ఉన్నారు, మిగతావాళ్ళని లింగయ్య వ్యానులో సరుకులకి తీసుకెళ్ళాడు. ఇంట్లో నిరుపమ ఒక్కతే ఉంది. ఆమె ముందుగానే పెద్ద చార్టు, స్కేలు, రెండు రంగుల మార్కర్లు కొనిపెట్టుకుంది.

“నేను రాస్తే కోడి గీకినట్టుంటది. మీరు లెక్చరరు. మీ చేత్తో రాయండి, నాలుగు కాలాలపాటు ఉంటది,” అన్నాడు మహేంద్ర కుర్చీ లాక్కుంటూ. “తెలుగులోనే రాయండి. అందరికీ అర్థం కావొద్దూ?”

ఆ మాట ఆమెకి నచ్చింది. నచ్చకేం? ఆమె బోర్డు మీద రాస్తే పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి చూసేవాళ్ళు. చార్టు బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి ఎర్రగీతలు గీసింది. మధ్యలో ‘ఇంటి నియమావళి’ అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. మహేంద్ర చెప్పడం మొదలుపెట్టాడు. స్నానం పది నిమిషాలు. హీటరు మీద బట్టలు ఆరేస్తే రెండు రోజులు షిఫ్ట్ బంద్. వంటింటి వంతులు. అన్నీ సబబుగానే ఉన్నాయి. ఐదోది వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

“పాస్‌పోర్టులు మీ లాకర్లో ఉండాలా? ఇది ఎట్లా రాస్తామండీ?”

“ఇప్పుడున్నయ్ గదమ్మా లాకర్లో. ఉన్నదే రాయమంటున్నా. ఉన్నది దాచిపెట్టి లేనిది రాస్తే అదేం చట్టం?”

అది నిజమే అనిపించింది. రాసింది. ఏడో రూలు దగ్గర మళ్ళీ ఆగింది. ఒంట్లో బాగాలేకపోతే ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలి, చెప్పకుండా మానేస్తే వారంపాటు షిఫ్ట్ ఉండదు.

“జ్వరం ముందురోజు చెప్పి వస్తుందా మహేంద్రగారూ?”

“పొద్దున్నే కడుపునొప్పి అని మొహం చాటేసేవాళ్ళ కోసం అది. నిజంగా జ్వరమొస్తే నేను మనిషిని కానా?” అని ఒక జిలేబీ ఆమె వైపు జరిపాడు. “సరే, మీకు నచ్చిన రూలొకటి చెప్పండి. అదీ రాద్దాం.”

కారణం చెప్పకుండా ఎవరినీ శిక్షించకూడదు, అంది ఆమె. సరేనన్నాడు. అదే తొమ్మిదోదైంది. దానికి బదులుగా ఏడు అలాగే ఉండిపోయింది. ఎనిమిదోది, ఇంటి సంగతులు బయటివాళ్ళకి చెప్పినవాళ్ళు ఆ రోజే ఇల్లు ఖాళీ చెయ్యాలన్నది, దాన్ని ఆమె పెద్దగా పట్టించుకోలేదు. బేరం బాగానే కుదిరింది అనుకుంది. పదకొండు అయ్యాక మహేంద్ర, “చాల్లే,” అని లేచాడు.

“ఉండండి, పన్నెండు చేద్దాం,” అంది నిరుపమ. ఆ సంఖ్య మీద ఆమెకి మోజు. మరో మార్కర్ తీసి, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో తనే రాసింది: రూలు అందరికీ ఒక్కటే. ఎవరికీ మినహాయింపు లేదు.

మహేంద్ర దాన్ని రెండుసార్లు చదివాడు. “అబ్బ, ఏం రాశారండీ!” అన్నాడు. ఆ మెప్పులో కల్తీ లేదు. సంతకం చెయ్యమని మార్కర్ ఇస్తే మాత్రం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నేనీ ఇంట్లో ఉంటానా? ఉండేవాళ్ళు చెయ్యాలి. సాయంత్రం అందరి చేతా పెట్టించండి.”

సాయంత్రం ఆమే అందరినీ వంటింట్లో నిలబెట్టి చదివి వినిపించింది. పద్నాలుగు సంతకాలు పడ్డాయి. మొదటిది ఆమెదే.

బుధవారం ఉదయం శరణ్య మంచం మీదినుంచి లేవలేకపోయింది. పార్వతి నుదుటి మీద చెయ్యేసి, “అమ్మో, పెనం లెక్క కాలుతున్నది,” అంది. రాత్రి బాగానే తిని పడుకున్న పిల్ల. తెల్లారేసరికి ఒళ్ళంతా నొప్పులు, పళ్ళు కొట్టుకుంటున్నాయి. మహేంద్ర వంటింట్లోకి వచ్చాడు. పార్వతి అలవాటుగా మొదలుపెట్టింది.

“సార్, పోరికి మస్తు జరమున్నది. ఇయ్యాల పండుకోనియ్యుండ్రి. నీ కాళ్ళు మొక్కుతా.”

మహేంద్ర గోడ దగ్గరికెళ్ళి చార్టు ముందు నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కొత్తగా చూస్తున్నట్టు చదివాడు. “ఏడు. ముందురోజు సాయంత్రం చెప్పాలి. చెప్పిందా?”

“రాత్రి లేకుండే సార్, జరం.”

“మరి నేనేం చెయ్యను పార్వతమ్మా? వారం షిఫ్ట్ బంద్ అని రాసుంది. మునుపట్లాగైతే, పోన్లే పడుకో తల్లీ అనేవాణ్ణి. నా నోట్లోంచి తీసి గోడకి పెట్టారు. ఇప్పుడు నీకొకటి, లింగయ్యకొకటి చేస్తే ఊరుకుంటారా?” పన్నెండో రూలు మీద వేలు పెట్టాడు. “నిరుపమగారూ, మీరే చెప్పండి. మినహాయింపు ఇవ్వమంటారా?”

 నిరుపమ, “అది… జ్వరం నిజంగా వస్తే ‘నేను మనిషిని కానా’ అన్నారు మీరు,” అంది.

“అన్నానేమో. రాశారా?”

శరణ్య గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. వారం పోతే వీసాకి చూపించాల్సిన గంటలు తగ్గిపోతాయని ఆ పిల్ల భయం. “నేను వస్తానన్నయ్యా. బానే ఉంది,” అంది.

“నేను రమ్మనలేదమ్మా. అందరూ విన్నారుగా? నీ ఇష్టం,” అని మహేంద్ర వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు.

పార్వతి శరణ్యకి స్వెటరు తొడుగుతూ నిరుపమ వైపు చూడకుండానే అంది. “గోటితోని పోయేదాన్ని గొడ్డలిదాంక తెచ్చినవ్ మేడం.”

పదకొండు గంటలప్పుడు జరిగింది. లైనులో శరణ్య నిరుపమ నుంచి మూడో చోట నిలబడింది. రోలర్ల చివర ఒక పండు ఇరుక్కుంది. ఇరుక్కుంటే ఎర్ర బటన్ నొక్కి లైను ఆపాలి, అప్పుడు తియ్యాలి. జ్వరంతో మగతగా ఉన్న పిల్ల బటన్ మర్చిపోయి చెయ్యి పెట్టింది. రోలరు గ్లౌజుని పట్టేసింది. కేక కూడా గట్టిగా రాలేదు, “అమ్మా” అని చిన్నగా అంది. లైను ఆగేసరికి కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి. పండ్ల మీద రక్తం పడింది, ఆ ట్రేలన్నీ పారబోశారు. అంబులెన్సు వెళ్ళిన అరగంటకి లైను కడిగి మళ్ళీ నడిపించారు. నిరుపమ చేతులు మచ్చపండ్లని తీస్తూనే ఉన్నాయి. ఆ చేతుల్ని చూస్తే ఆమెకే అసహ్యమేసింది.

ప్రమాదం సంగతి తెలిసి, శుక్రవారం మధ్యాహ్నం లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. రేచల్ అని పేరు, యాభై ఏళ్ళుంటాయి, గుమ్మం దగ్గరే బూట్లు విప్పేసి సాక్సులతో లోపలికొచ్చింది. మహేంద్ర ఆమె కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒడిలో రేకు డబ్బా పెట్టుకున్నాడు.

రేచల్ ఇల్లంతా తిరిగి వంటింట్లో ఆగింది. “ఇదేమిటి?” అంది గోడ చూసి. “అందంగా ఉంది. ఏం రాశారు? ఎవరైనా చదివి చెప్తారా? తర్వాత మా మనిషి చేత సరిగ్గా అనువాదం చేయించుకుంటాను. ఇప్పటికి తెలిస్తే చాలు.”

అందరూ నిరుపమ వైపు చూశారు. ఆమె ముందుకొచ్చింది. రెండు రోజుల్నుంచి తిండి సయించక ముఖం పీక్కుపోయి ఉంది కానీ, ఆ క్షణాన కాళ్ళలోకి బలం వచ్చింది. రాత అంటే ఇందుకే కదా! నోటిమాటైతే అనలేదంటాడు, గోడ మీదిది ఎక్కడికి పోతుంది? ఒక్కో రూలూ చదివి ఇంగ్లీషులో చెప్పింది. ఐదోది చెప్తుంటే రేచల్ రాసుకోవడం ఆపి తలెత్తింది. ఏడోది రెండుసార్లు చెప్పించుకుంది. ఫోను తీసి చార్టుకి నాలుగు ఫొటోలు తీసింది. నిరుపమ మహేంద్ర కళ్ళలోకి సూటిగా చూసింది.

మహేంద్ర తాపీగా మాట్లాడాడు, ఇంగ్లీషులో. “నేను ఇక్కడ ఉండను. ఇది వాళ్ళు వాళ్ళకోసం రాసుకున్నది. వాళ్ళకొక నాయకురాలు ఉంది. రాసుకుంటామని పనికి కూడా రాకుండా బయట కూర్చున్నారు. నేను కాదనలేకపోయాను. పాస్‌పోర్టులు దాచిపెట్టమన్నారు, దాచాను. ఇవిగో, ఎప్పుడు కావాలన్నా వాళ్ళవే.” డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆయన చెప్తుంటే నేను రాశాను,” అంది నిరుపమ. “ప్రతి మాటా.”

“సరే,” అంది రేచల్. “ఆ రాసేటప్పుడు ఇంకెవరైనా చూశారా? ఈవిడని అడుగుతారా?”

పార్వతిని అడిగింది నిరుపమ. “అక్కా, ఈ చార్టు ఎవరు రాశారని అడుగుతోంది.”

పార్వతి చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంది. మహేంద్ర ఆమె వైపు చూడనే లేదు. చూడాల్సిన పని కూడా లేదు, ఇంకా ఎనిమిది నెలలు ఆమె వీసా అతని చేతిలోనే ఉంటుంది. “మేడమే రాసింది,” అంది. “మాతోని సంతకాలు పెట్టించింది గూడ మేడమే.”

“ఆయన చెప్తేనే కదా అక్కా?”

“నేనప్పుడు డ్యూటీల ఉన్న. నేనైతే సూడలే.”

“బుధవారం శరణ్యని రమ్మన్నది ఆయన కాదా?”

“రమ్మనలే. నీ ఇష్టమన్నడు. నువ్వు గూడ ఇన్నవ్ గద.”

ఒక్క అబద్ధం లేదు. వెతికినా దొరకదు. లింగయ్య నేల చూపులు చూస్తూ, తానైతే సరుకులకు పోయానని చెప్పాడు. రేచల్ పెన్ను పట్టుకుని నిరుపమ కోసం ఎదురుచూస్తోంది. అనువాదంలో నిరుపమ ఒక్క మాట అటూ ఇటూ మారిస్తే చాలు, ఆ గదిలో రెండు భాషలూ తెలిసి పట్టుకునేవాడు మహేంద్ర ఒక్కడే. వాడు పట్టుకున్నా నమ్మేదెవరు? నాలుక చివరిదాకా వచ్చింది. పద్నాలుగు సంతకాలు ఎదురుగా కనబడుతున్నాయి.

“నేనే రాశానని చెప్తోంది,” అంది ఇంగ్లీషులో. “సంతకాలు నేనే పెట్టించానని చెప్తోంది. ఆయన చెప్పడం ఆమె చూడలేదు.”

 రేచల్ పుస్తకం మూసింది. “ఇక మీరు అనువాదం చెయ్యకూడదు నిరుపమా. మీతో విడిగా మాట్లాడాలి, వీలైతే లాయరుతో రండి. ఆ రోజు ఆయన బలవంతాన పనికి వెళ్ళానని ఆ అమ్మాయి చెప్తే కథ వేరు. లేకపోతే నా దగ్గరున్నది మీ చేతిరాత ఒక్కటే.” కార్డు ఇచ్చి, బూట్లు తొడుక్కుని వెళ్ళింది.

అందరూ డబ్బాలోంచి ఎవరి పాస్‌పోర్టు వాళ్ళు తీసుకున్నారు. మహేంద్ర నిరుపమది స్వయంగా తీసి ఆమె చేతిలో పెట్టాడు.  అతను వెళ్ళాక పార్వతీ లింగయ్యా గుసగుసలాడుకున్నారు. ఇంకాసేపటికి నిరుపమ సూట్‌కేసు వరండాలోకొచ్చింది.

“ఎనిమిదో రూలు మేడం,” అన్నాడు లింగయ్య. “మొత్తం సదివి చెప్పిన్రు గద బయటామెకు. మేం ఊకుంటే రేపు మమ్మల్నంటడు.” సూట్‌కేసుని గేటు దాకా అతనే మోశాడు. బరువుగా ఉన్నా చక్రాల మీద లాగలేదు, ఎత్తుకునే పోయాడు. ఆ మర్యాద కూడా నిరుపమకి చెంపదెబ్బలా తగిలింది.

శనివారం ఉదయం, రాత్రంతా ఊళ్ళో బ్యాక్‌ప్యాకర్స్ అనే చవక లాడ్జి గదిలో మేలుకుని, నిరుపమ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళింది. సూట్‌కేసు పెట్టడానికి చోటు లేక వెంటే తీసుకెళ్ళింది. దారిపొడుగునా ఒకటే అనుకుంది. ఆ పిల్ల నిజం చెప్తే చాలు. జ్వరముందని చెప్పినా ఏడో రూలు చూపించాడని, వారం పోతుందని బెదిరించాడని చెప్తే చాలు. ఆ పిల్లే వ్యానులో తన చెయ్యి వదల్లేదు కదా.

శరణ్య దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి మణికట్టుదాకా తెల్లగుడ్డల్లో ఉంది. రెండు వేళ్ళూ తీసేశారని నర్సు చెప్పింది. మంచం పక్కన పండ్లబుట్ట ఉంది, రిబ్బను కట్టి.

“అన్నయ్య తెచ్చాడండి,” అంది శరణ్య. “నిన్న సాయంత్రం. చాలాసేపు కూర్చున్నాడు.”

“శరణ్యా, నీకు జ్వరమని వాడికి తెలుసు. తెలిసే పంపించాడు. అది నువ్వు చెప్పాలమ్మా. ఇన్‌స్పెక్టరు వస్తుంది.”

శరణ్య దిండు కిందినుంచి ఎడమచేత్తో ఒక కాగితం తీసింది. ప్యాక్‌హౌస్ వాళ్ళ యాక్సిడెంట్ ఫారం. ప్రమాదం ఎలా జరిగిందో వివరించండి అన్న చోట ఖాళీగా ఉంది. “ఇది నింపాలండి. రాయలేకపోతున్నాను. మీరు రాసిపెడతారా?” పెన్ను కూడా ఇచ్చింది.

నిరుపమకి ఊపిరి వచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని ఫారం ఒళ్ళో పెట్టుకుంది. “చెప్పు తల్లీ.”

“నా ఆరోగ్యం బానే ఉంది అని రాయండి. లైను ఆపకుండా చెయ్యి పెట్టడం నా పొరపాటు. ఎవరి బలవంతమూ లేదు.”

పెన్ను కాగితం మీద ఆనలేదు. “ఇవి వాడి మాటలు.”

“అవునండి. వీసా రెన్యూ చేయిస్తానన్నాడు. ఎనిమిది వేళ్ళతో చేసే పని చూపిస్తానన్నాడు.” ఆ పిల్ల గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. “బుధవారం పొద్దున గోడ మీద ఆ కాగితం లేకపోతే, కాళ్ళు పట్టుకునేదాన్ని మేడం. పార్వతక్క కూడా పట్టుకునేది. ఇంకో రెండుసార్లు అడిగితే పడుకోమనేవాడు. ఎప్పుడూ అంతే కదండీ. ఆ దారి మీరే మూసేశారు. నాకు మీ మీద కోపం లేదండి, మా మంచికే చేశారు. కానీ ఇప్పుడు నిజం రాయమంటే నాకెవరున్నారు?”

నిరుపమకి చెప్పడానికి చాలా ఉంది. ఈ దేశంలో చట్టాలున్నాయి, నీ పక్షాన ఉంటాయి, భయపడకు. కానీ ఎందుకు నమ్మాలి ఆ పిల్ల? ఎవరి మాట మీద?

“నేను రాయలేను శరణ్యా. ఇంకేదైనా అడుగు. ఇది నేను రాయను.”

“సరేనండి,” అంది శరణ్య. తప్పు పట్టలేదు. పెన్ను తీసుకుంది. ఫారం ఆమె ఒళ్ళోంచి తీసుకుని భోజనం బల్ల మీద పరిచి, ఎడమచేత్తో మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం కొండలా లేస్తోంది. కట్టుకట్టిన చెయ్యి కాగితాన్ని నొక్కి పట్టుకోలేకపోతోంది. రెండో మాట దగ్గర ఫారం జారి పక్కకి తిరిగిపోయింది. ఆ పిల్ల దాన్ని మోచేత్తో వెనక్కి తెచ్చుకుంది. మళ్ళీ జారింది. నొప్పికి పెదవి కొరుక్కుంది, మళ్ళీ మొదలుపెట్టింది.

నిరుపమ చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీలోంచి ముందుకి వంగి, కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.